కాళ్ళ వంకరకు ఒక ఫైలు, రక్తహీనతకు ఒక ఫైలు: బ్యాండ్ 3 ప్రోటీన్ లోపం ఉన్న ఒక పాప కేసు

ఆరేళ్ళ పాప. నల్గొండ జిల్లాలోని ఒక పల్లె. రెండు రోజులు విరేచనాలయ్యాక కాళ్ళూ చేతులూ ఆడటం లేదని, మెడ నిలబడటం లేదని రాత్రిపూట ఎమర్జెన్సీకి తీసుకొచ్చారు. రెఫరల్ చీటీ మీద ‘జీబీఎస్?’ అని రాసి ఉంది. పిల్లల్లో ఉన్నట్టుండి కాళ్ళు చచ్చుబడితే మొదట గుర్తొచ్చేది గీయన్ బారీ (జీబీఎస్) అనే నరాల జబ్బే కాబట్టి ఆ అనుమానం సహజమే. కుటుంబం ఎవరో తెలియకుండా ఇందులో కొన్ని వివరాలు మార్చాను.

తల్లి చేతిలో రెండు వేర్వేరు ఫైళ్ళున్నాయి. ఒకటి ఎముకలది. రెండేళ్ళ వయసు నుంచి కాళ్ళు వంకర, ఎత్తు పెరగడం లేదు, రికెట్స్ (ఎముకలు మెత్తబడి వంగే జబ్బు) అని రాసి కాల్షియం సిరప్, ఆరు లక్షల యూనిట్ల విటమిన్ డి ఇంజెక్షన్లు, అవీ పలుమార్లు. రెండోది రక్తానిది. పుట్టిన కొత్తలో కామెర్లకు లైటు కింద పెట్టారు. ఆ తర్వాత రక్తహీనత, ఐరన్ టానిక్కులు, ఒకసారి జ్వరంలో రక్తం ఎక్కించడం, తలసీమియా కాదని ఒక రిపోర్టు. రెండూ శ్రద్ధగా రాసినవే. కానీ ఎముకల ఫైల్లో ఎక్కడా హీమోగ్లోబిన్ లేదు, రక్తం ఫైల్లో ఎక్కడా కాళ్ళ ఊసు లేదు. నేను ఈ కేసు రాయడానికి కారణం అదే. ఆ రెండు ఫైళ్ళనూ కలిపేది ఎర్ర రక్తకణాల పొరలో ఉండే ఒకే ఒక్క ప్రోటీన్.

ఆ రాత్రి

బరువు 12.5 కిలోలు, ఎత్తు 92 సెంటీమీటర్లు. అంటే సుమారు మూడేళ్ళ పిల్లంత. ముఖం పాలిపోయింది, కళ్ళలో పసుపు ఛాయ ఉంది. ప్లీహం పక్కటెముకల కిందికి 4 సెంటీమీటర్లు చేతికి తగులుతోంది. మణికట్లు లావుగా, మోకాళ్ళు లోపలికి ఒరిగి ఉన్నాయి. కండరాలన్నీ మెత్తబడిపోయాయి, రిఫ్లెక్సులు దాదాపు లేవు. స్పృహ మాత్రం పూర్తిగా ఉంది, పేరు అడిగితే చెప్పింది. ఈసీజీలో టి తరంగాలు చదునుగా, వాటి పక్కన యు తరంగాలు స్పష్టంగా కనిపించాయి. పొటాషియం పడిపోయిందనడానికి అవి గుర్తులు. అది చూడగానే నరాల జబ్బు ఆలోచన పక్కన పెట్టి పొటాషియం కోసం చూశాం.

సోడియం 137, పొటాషియం 1.9, క్లోరైడ్ 115, బైకార్బొనేట్ (ఆమ్లాన్ని తటస్థం చేసే క్షారం) 11. రక్తం పీహెచ్ 7.21, కార్బన్ డయాక్సైడ్ పీడనం 28. హీమోగ్లోబిన్ 6.4. అంటే పొటాషియం, బైకార్బొనేట్, హీమోగ్లోబిన్ మూడూ బాగా తక్కువ, రక్తంలో ఆమ్లం ఎక్కువ.

ఈ అంకెల్లో జూనియర్ డాక్టర్లు ఎక్కువగా వదిలేసేది ఆ 28ని. బైకార్బొనేట్ 11కు పడిపోయినప్పుడు ఊపిరితిత్తులు వేగంగా ఊపిరి తీసి కార్బన్ డయాక్సైడ్‌ను 24, 25 దగ్గరికి దించాలి. మామూలు మనిషి 40తో పోల్చి ‘28 అంటే బానే తగ్గింది కదా’ అనుకుంటే మోసపోతాం. ఉండాల్సిన దానికంటే ఎక్కువే ఉంది. అంటే ఊపిరి కండరాలు కూడా అలిసిపోతున్నాయి. ఆ ఒక్క అంకె చూసే పాపను వార్డులో కాకుండా ఐసీయూలో, వెంటిలేటర్ సిద్ధంగా ఉన్న బెడ్ మీద పెట్టాం.

రక్తంలో ఇంత ఆమ్లం కనిపించగానే బైకార్బొనేట్ ఎక్కించేయాలని చేయి లాగుతుంది. ఇక్కడ అదే ప్రమాదం. బైకార్బొనేట్ ఇస్తే పొటాషియం రక్తంలోంచి కణాల్లోకి వెళ్ళిపోతుంది. 1.9 కాస్తా ఇంకా పడితే ఊపిరి ఆగిపోవచ్చు, గుండె లయ తప్పొచ్చు. కాబట్టి ముందు పొటాషియం. అది కూడా డెక్స్‌ట్రోజ్ లేని సెలైన్‌లో, ఎందుకంటే గ్లూకోజ్ ఇస్తే ఇన్సులిన్ పెరిగి ఉన్న పొటాషియాన్ని కూడా కణాల్లోకి లాక్కుంటుంది. మానిటర్ మీద కన్నేసి, గంటకు కిలోకు 0.3 మిల్లీఈక్వివలెంట్ల చొప్పున ఎక్కించాం. పొటాషియం 3 దాటాకే, అయానిక్ కాల్షియం కూడా చూసుకుని, బైకార్బొనేట్ మొదలుపెట్టాం. తెల్లవారేసరికి పాప మెడ నిలబెట్టింది. వెంటిలేటర్ అవసరం రాలేదు.

విరేచనాలా, మూత్రపిండాలా?

పొటాషియం, బైకార్బొనేట్ విరేచనాల్లోనూ పోతాయి. కథ అంతటితో ముగిసిందనుకుని, ఓఆర్ఎస్ రాసిచ్చి పంపేసే అవకాశం చాలా ఉంది. కానీ రెండు రోజుల విరేచనాలు నాలుగేళ్ళ కాళ్ళ వంకరను తేలేవు.

ఆమ్లం పెరిగితే ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండం దాన్ని మూత్రంలోకి తోసేస్తుంది. పీహెచ్ 5.5 కంటే కిందికి రావాలి. ఈ పాప మూత్రం పీహెచ్ 7. అయితే ఒక్క పీహెచ్‌నే నమ్ముకోకూడదు. పొటాషియం బాగా తగ్గిన పిల్లల్లో అమోనియా ఎక్కువ తయారై, మూత్రపిండాలు బాగున్నా పీహెచ్ పైకి పోవచ్చు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా అంతే. అందుకే కల్చర్ పంపి, మూత్రంలో సోడియం, పొటాషియం, క్లోరైడ్ మూడూ కొలిచాం: 40, 28, 45. మొదటి రెండూ కూడి మూడోది తీసేస్తే ప్లస్ 23. విరేచనాల వల్లే అయితే ఇది మైనస్‌లో ఉండాలి. ప్లస్ వచ్చిందంటే మూత్రంలోకి ఆమ్లాన్ని మోసుకెళ్ళే అమోనియం పోవడం లేదు, తప్పు మూత్రపిండానిదే. ఈ లెక్కకు ఖరీదైన ల్యాబ్ అక్కర్లేదు, జిల్లా ఆసుపత్రిలో ఉన్న ఎలక్ట్రోలైట్ మెషీన్ చాలు.

మూత్రంలో గ్లూకోజ్ లేదు, ఫాస్ఫేట్ వృథాగా పోవడం లేదు, కాబట్టి అవన్నీ కలిపి మూత్రంలో పోయే ఫాంకోనీ జబ్బు కాదు. మూత్రంలో కాల్షియం, క్రియాటినిన్ నిష్పత్తి 0.5 (ఈ వయసులో 0.2 దాటకూడదు). అల్ట్రాసౌండ్‌లో రెండు కిడ్నీల లోపలి భాగంలోనూ (మెడుల్లా) సున్నం పేరుకుని తెల్లగా మెరుస్తోంది. క్రియాటినిన్ మాత్రం నార్మల్, అంటే కిడ్నీ వడపోత బాగానే ఉంది. ఇది డిస్టల్ రీనల్ ట్యూబ్యులర్ అసిడోసిస్, అంటే మూత్రపిండ నాళికల చివరి భాగం ఆమ్లాన్ని మూత్రంలోకి పంపలేని జబ్బు.

నాన్నమ్మను పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే మిగతాదంతా ఆమే చెప్పింది. పాప రాత్రుళ్ళు లేచి చెంబెడు నీళ్ళు తాగుతుంది, పక్క తడుపుతుంది, అన్నం సరిగ్గా తినదు. “కాళ్లంటవా సారూ, మా ఊళ్ల సగం మందికి గిట్లనే ఉంటయి. నీళ్ల దోషం” అంది.

ఆ మాటను తేలిగ్గా తీసుకోకూడదు. నల్గొండలో ఫ్లోరైడ్ ఎందరి ఎముకల్ని వంచేసిందో మాకు తెలుసు. ఫ్లోరైడ్ ప్రాంతాల పిల్లల్లో మోకాళ్ళు లోపలికి ఒరిగిపోవడాన్ని 1973లోనే హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు వివరించారు. కానీ ఒక జబ్బు ఊరంతా ఉన్నప్పుడు దాని నీడలో ఇంకో జబ్బు దాక్కోవడం తేలిక. ఈ పాప పుట్టిన దగ్గర్నుంచీ తాగింది నల్లా ద్వారా వచ్చే శుద్ధి చేసిన నీళ్ళే. ఎక్స్‌రేలో ఎముకల చివరలు గిన్నెల్లా పల్లమై, చింపిరిగా ఉన్నాయి. అది రికెట్స్ రూపం. ఫ్లోరోసిస్‌లో కనిపించే ఎముక గట్టిపడటం, ముంజేతి ఎముకల మధ్య పొరలో సున్నం పేరుకోవడం లేవు. అన్నిటికీ మించి, ఫ్లోరైడ్ వల్ల ప్లీహం పెరగదు, పుట్టిన వారంలో కామెర్లు రావు.

విటమిన్ డి స్థాయి చూస్తే కావలసిన దానికంటే ఎక్కువే ఉంది. ఈ రికెట్స్‌కు కారణం విటమిన్ లోపం కాదు. ఆమ్లాన్ని తటస్థం చేయడానికి ఎముక తన ఖనిజాన్ని ఏళ్ళ తరబడి కరిగించి ఇస్తూ వచ్చింది. అలా కరిగిన కాల్షియం మూత్రంలో పోతూ కిడ్నీలో పేరుకుంది. అలాంటి పిల్లకు ఆరు లక్షల యూనిట్ల ఇంజెక్షన్ మీద ఇంజెక్షన్ ఇస్తే కాల్షియం ఇంకా ఎక్కువగా మూత్రంలోకి పోతుంది. కాళ్ళ వంకరతో వచ్చిన ఏ పిల్లకైనా రెండో ఇంజెక్షన్ రాసేముందు ఒక్కసారి బైకార్బొనేట్, పొటాషియం చూడమని చేతులు జోడించి అడుగుతున్నాను.

రెండు అవయవాల్లో ఒకే కాపలా

ఎర్ర రక్తకణం పొరలో ఉన్న ప్రోటీన్లలో నాలుగో వంతు దాకా బ్యాండ్ 3దే. ఒక్కో కణంలో సుమారు పది లక్షల అణువులుంటాయి. దీని పని ఇచ్చిపుచ్చుకోవడం: ఒక బైకార్బొనేట్ అయాన్‌ను బయటికి పంపి ఒక క్లోరైడ్‌ను లోపలికి తీసుకుంటుంది. ఊపిరితిత్తుల్లో ఈ బేరం తిరగబడుతుంది. ఒంట్లో తయారయ్యే కార్బన్ డయాక్సైడ్‌లో ఎక్కువ భాగం బైకార్బొనేట్‌గా మారి ప్లాస్మాలో ప్రయాణం చేయగలిగేది ఈ మార్పిడి వల్లే. అది జరిగే వేగం ఊహకు అందదు, ఒక్కో అణువు సెకనుకు వేల అయాన్లను దాటిస్తుంది. బ్యాండ్ 3కి ఇంకో బాధ్యత కూడా ఉంది. కణం లోపలి వైపున యాంకిరిన్ అనే ప్రోటీన్ ద్వారా పొరను అడుగునున్న వలలాంటి అల్లికకు కట్టి ఉంచుతుంది. ఆ కట్టు వదులైతే పొర ముక్కలు ముక్కలుగా రాలిపోయి, కణం గుండ్రటి ఉండలా మారి, ప్లీహంలో చిక్కుకుని పగిలిపోతుంది.

ఇదే ప్రోటీన్, మొదట్లో 65 అమైనో ఆమ్లాలు తక్కువగా, మూత్రపిండంలో కూడా ఉంటుంది. నాళికల చివరనున్న కలెక్టింగ్ డక్ట్‌లోని ఆల్ఫా ఇంటర్‌కలేటెడ్ కణాలు ఆమ్లాన్ని మూత్రంలోకి పంపేటప్పుడు, ప్రతి హైడ్రోజన్ అయాన్‌కూ ఒక బైకార్బొనేట్ లోపల మిగులుతుంది. దాన్ని రక్తంలోకి దాటించేది బ్యాండ్ 3. అది పని చేయకపోతే బైకార్బొనేట్ కణంలోనే పోగుపడి, ఆమ్లం పంపే పని కూడా ఆగిపోతుంది. ఎస్‌ఎల్‌సి4ఎ1 అనే ఒకే జన్యువు, 17వ క్రోమోజోమ్ మీద ఉన్నది, ఈ రెండు రూపాలకూ మూలం.

మరి ఈ జన్యువు దెబ్బతిన్న వాళ్ళందరిలో రెండూ ఎందుకు రావు? నాకు ఈ విషయంలో అన్నిటికంటే ఆసక్తిగా అనిపించే భాగం ఇది. ఎర్ర కణంలో గ్లైకోఫోరిన్ ఎ అనే తోడు ప్రోటీన్ ఉంటుంది. మడత సరిగా పడని బ్యాండ్ 3ని కూడా అది చేయి పట్టుకుని పొర దాకా చేరుస్తుంది. మూత్రపిండంలో ఆ తోడు లేదు. అందుకే కొన్ని మార్పుల్లో, ఉదాహరణకు థాయ్‌లాండ్ పిల్లల్లో కనిపించే 701వ స్థానం మార్పులో, రక్తకణాలు తట్టుకుంటాయి, కిడ్నీ తట్టుకోదు. దీనికి పూర్తిగా ఎదురుగా, బ్యాండ్ 3 వల్ల వచ్చే మామూలు వంశపారంపర్య స్ఫీరోసైటోసిస్‌లో (కణాలు ఉండల్లా మారే జబ్బు) తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చే రెండు జన్యు ప్రతుల్లో ఒకటి మాత్రమే పాడవుతుంది. రెండో ప్రతితో కిడ్నీ నెట్టుకొస్తుంది. మలేషియా, పాపువా న్యూగినీ వైపు కనిపించే ఓవలోసైటోసిస్‌లో (కణాలు కోడిగుడ్డు ఆకారంలో ఉండే స్థితి) 400 నుంచి 408 దాకా తొమ్మిది అమైనో ఆమ్లాలు లేవు. ఆ మార్పు ఒక్క ప్రతిలో ఉంటే మెదడు మలేరియా నుంచి రక్షిస్తుంది కూడా. రెండు ప్రతుల్లోనూ దెబ్బతిన్న మార్పు, అదీ కణం కూడా భరించలేనిది అయినప్పుడు రెండు జబ్బులూ కలిసి వస్తాయి.

ఈ పాప రక్తాన్ని గాజు పలక మీద పూసి చూస్తే (స్మియర్) స్ఫీరోసైట్లు, అంటే గుండ్రటి ఉండల్లాంటి కణాలు, చాలా ఉన్నాయి. వాటి మధ్య అక్కడక్కడా నడుం దగ్గర వేళ్ళతో నొక్కినట్టున్న కణాలు కనిపించాయి. ప్లీహం తీయని పిల్లల్లో ఇవి బ్యాండ్ 3 లోపాన్ని గట్టిగా అనుమానించమని చెప్తాయి. రెటిక్యులోసైట్లు (కొత్తగా తయారైన ఎర్రకణాలు) 9 శాతం. కణాలు పగలడానికి వేరే కారణాలున్నాయేమోనని చేసిన పరీక్షల్లో కూంబ్స్ నెగటివ్, జీ6పీడీ నార్మల్. కణాలకు మెరిసే రంగు పట్టించి కొలిచే ఈఎంఏ పరీక్షలో మెరుపు స్పష్టంగా తగ్గింది. ఆ పరీక్షలో వాడే రంగు కణం మీద ముఖ్యంగా బ్యాండ్ 3కే అతుక్కుంటుంది కాబట్టి ఆ ఫలితం మా అనుమానానికి బలమిచ్చింది. ఈ శాంపిళ్ళన్నీ ముందే తీసి పెట్టుకున్నాం. రక్తం ఎక్కించాక పంపితే కనిపించేది సగం దాత కణాలే.

వినికిడి పరీక్ష నార్మల్. డిస్టల్ అసిడోసిస్‌కు ఇంకో ముఖ్య కారణం ఆమ్లాన్ని మూత్రంలోకి తోసే ప్రోటాన్ పంపు లోపం. ఆ పంపు జన్యువులు పాడైతే చెవుడు రావడం మామూలు. రక్తకణాలు పగలడం ఉండదు.

జన్యు పరీక్షలో ఎస్‌ఎల్‌సి4ఎ1లో 858వ స్థానంలో అలనిన్ బదులు ఆస్పార్టిక్ ఆమ్లం వచ్చింది, రెండు ప్రతుల్లోనూ. తల్లికీ తండ్రికీ ఒక్కో ప్రతి. ఈ మార్పు మనకు కొత్త కాదు. రెండు ప్రతుల్లోనూ ఇదే మార్పుతో, హీమోలిటిక్ అనీమియా (కణాలు పగిలి వచ్చే రక్తహీనత), కిడ్నీ అసిడోసిస్ రెండూ ఉన్న ఇద్దరు భారతీయ రోగుల వివరాలు 2010లోనే ప్రచురితమయ్యాయి.

సిట్రేట్

వైద్యం చూస్తే చాలా చౌక. పొటాషియం సిట్రేట్ సిరప్ (సిట్రేట్ ఒంట్లో బైకార్బొనేట్‌గా మారుతుంది), మిల్లీలీటరుకు 2 మిల్లీఈక్వివలెంట్లు ఉండేది, 6 మిల్లీలీటర్ల చొప్పున రోజుకు మూడుసార్లు. అంటే కిలోకు సుమారు 3 మిల్లీఈక్వివలెంట్లు. దాంతోపాటు ఫోలిక్ ఆసిడ్. విటమిన్ డి, ఐరన్ రెండూ ఆపేశాం. రక్తం ఎక్కించాలా అని ఆలోచించాం. గుండె స్థిరంగా ఉంది, ఆక్సిజన్ అవసరం లేదు. ఆగి చూద్దాం అనుకున్నాం. రెండు నెలలకు, రక్తం ఎక్కించకుండానే హీమోగ్లోబిన్ 8.8కి వచ్చింది. ఇదంతా సిట్రేట్ వల్లే అనను, ఇన్ఫెక్షన్ తగ్గడం కూడా ఒక కారణం. కానీ బ్యాండ్ 3 మార్పులున్న పిల్లల్లో ఆమ్లం పెరిగినప్పుడు కణాలు ఎక్కువగా పగులుతాయనీ, క్షారం ఇస్తే తగ్గుతుందనీ థాయ్‌లాండ్ డాక్టర్లు గమనించారు. మా పాపలో కూడా ఆ తర్వాత బైకార్బొనేట్ పడిపోయిన ఒక సందర్భంలో హీమోగ్లోబిన్ కూడా పడిపోయింది.

ఆ సందర్భం గురించి చెప్పాలి. బైకార్బొనేట్ 22 దగ్గర నిలకడగా ఉన్న పిల్ల, ఒక విజిట్‌లో 15తో వచ్చింది. మందు మానలేదని తల్లి గట్టిగా చెప్పింది. సీసా తెప్పించి చూస్తే అది పొటాషియం క్లోరైడ్. సిట్రేట్ స్టాక్ లేక, “ఇదీ పొటాషియమే” అని షాపులో ఇచ్చారు. క్లోరైడ్ రూపంలో ఇస్తే పొటాషియం పెరుగుతుంది గానీ ఆమ్లం అలాగే ఉంటుంది. మూత్రం మంటకు వాడే డైసోడియం హైడ్రోజన్ సిట్రేట్ సిరప్‌తో ఇంకో రకం తేడా: అందులో క్షారం ఉంది, పొటాషియం లేదు, పైగా సోడియం ఎక్కువైతే మూత్రంలో కాల్షియం పెరుగుతుంది. అప్పటి నుంచి చీటీ మీద తెలుగులో పెద్దక్షరాలతో ‘పొటాషియం సిట్రేట్ మాత్రమే’ అని రాసి, ఖాళీ సీసా వెంట తీసుకెళ్ళమని చెప్తున్నాం.

బడికి వెళ్ళే పిల్లకు మధ్యాహ్నం డోసు కుదరదు. ఉదయం, బడి నుంచి రాగానే, పడుకునే ముందు అని మార్చి, రాత్రి డోసు కొంచెం పెంచాం, ఎందుకంటే అన్నిటికంటే పొడుగాటి విరామం రాత్రిదే. కడుపులో మంట రాకుండా అన్నం తిన్నాక, నీళ్ళలో కలిపి ఇవ్వాలి.

మొదటి ఏడాది పాప 11 సెంటీమీటర్లు పెరిగింది. ఎక్స్‌రేలో ఎముకల చివరలు సాఫీ అయ్యాయి. విటమిన్ డి చుక్క కూడా ఇవ్వకుండానే. కిడ్నీలో పేరుకున్న సున్నం పోలేదు, పోతుందని ఇంట్లో వాళ్ళకు ఆశ పెట్టలేదు. పెరగకుండా ఆపడమే మా పని. మోకాళ్ళ ఒరుగు కొంత మిగిలింది. దానికి ఎముక పెరుగుదలను మళ్ళించే చిన్న ప్లేట్ల ఆపరేషన్ గురించి ఆర్థో వాళ్ళతో మాట్లాడుతున్నాం. బైకార్బొనేట్ కనీసం ఏడాది నిలకడగా ఉన్నాకే అని మా షరతు, లేకపోతే మళ్ళీ వంగుతాయి.

ఇంటి వాళ్ళతో

తల్లిదండ్రులది మేనరికం. తల్లి తన సొంత మేనమామనే పెళ్ళి చేసుకుంది. అంటే పాప నాన్నమ్మే పాప తల్లికి అమ్మమ్మ. ఒకే పెద్ద జంటలో ఒకరి దగ్గరున్న మార్పు రెండు దారుల్లో ఈ పాప దాకా వచ్చింది. బావామరదళ్ళ పెళ్ళితో పోలిస్తే మేనమామ పెళ్ళిలో ఒకే పూర్వీకుల జన్యువు రెండు ప్రతులుగా కలిసే అవకాశం రెట్టింపు. ఇది చెప్పేటప్పుడు నాన్నమ్మ ముఖం చూస్తూ చెప్పాల్సి వచ్చింది. “అయితే నా వల్లనేనా సారూ?” అంది. ఇలాంటి మార్పులు ఏదో ఒకటి అందరిలోనూ ఉంటాయనీ, నాలోనూ ఉంటాయనీ, ఎవరూ కావాలని ఇవ్వరనీ చెప్పాను. అది ఓదార్పు కోసం అన్న మాట కాదు, నిజం కూడా అదే. ఇకపై ఆ ఇంట్లో కుదిరే సంబంధాల గురించి విడిగా, పెద్దవాళ్ళందరూ ఉన్నప్పుడు మాట్లాడాం.

ఏడు నెలల తమ్ముడున్నాడు. పైకి బాగానే ఉన్నాడు, కొంచెం నెమ్మదిగా బరువు పెరుగుతున్నాడంతే. పరీక్షిస్తే బైకార్బొనేట్ 16, హీమోగ్లోబిన్ 8. జన్యు పరీక్షలో అక్కలాగే రెండు ప్రతులూ. ఎముకలు ఇంకా వంగలేదు, కిడ్నీల్లో సున్నం అప్పుడే మొదలవుతోంది. ఆ వారమే సిట్రేట్ మొదలైంది. ఇప్పుడు నడుస్తున్నాడు, కాళ్ళు తిన్నగా ఉన్నాయి.

ఇక తేలాల్సింది పాప ప్లీహం సంగతి. తీసేస్తే కణాలు పగలడం తగ్గి హీమోగ్లోబిన్ పెరగొచ్చు గానీ కిడ్నీకి దానివల్ల ఏ ఉపయోగమూ లేదు, ఆపైన జీవితాంతం తీవ్రమైన ఇన్ఫెక్షన్ల భయం ఉంటుంది. ప్రస్తుతం హీమోగ్లోబిన్ 9 దగ్గర ఉంది, బడికి వెళ్తోంది, పిత్తాశయంలో రాళ్ళు లేవు. న్యుమోకోకల్, మెనింగోకోకల్, హిబ్ టీకాలు వేసి పెట్టాం. ఉన్నట్టుండి బాగా పాలిపోతే ఎర్రకణాల తయారీని ఆపేసే పార్వోవైరస్ అయి ఉండొచ్చు కాబట్టి ఆ రోజే తీసుకురమ్మని చెప్పాం. హిమటాలజీ వాళ్ళు ఇంకో రెండేళ్ళు ఆగమంటున్నారు. నాదీ అదే అభిప్రాయం.